నోరు ఒకరిది, రాత మరొకరిది

సంగారెడ్డి పాత జైలును 2016లో మ్యూజియం చేశారు. 1796 నాటిదని చెప్పే ఆ కట్టడంలో, 500 రూపాయలు కట్టినవాళ్ళు 24 గంటలపాటు ఖైదీలుగా గడిపే ఏర్పాటు కూడా పెట్టారు. ఖద్దరు బట్టలు, స్టీలు పళ్ళెం, మగ్గు, జైలు కూడు అన్నీ ఉన్నాయి. పత్రికలు దాన్ని వింతగా రాశాయి, జనం వింతగానే చదివారు. సరదాకు డబ్బిచ్చి జైల్లో పడుకునే మనిషికీ, కడుపు మాడి గింజలెత్తుకొచ్చి ఆ గోడల మధ్య పడ్డ మనిషికీ ఉన్న తేడా గురించి నీతులు చెప్పడం తేలిక. దాన్ని అలా వదిలేద్దాం.

సాహిత్య విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతపు జైళ్ళలో మగ్గినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడినవాళ్ళే. తప్పు చేశామన్నా, చెయ్యలేదన్నా, అన్యాయమని మొత్తుకున్నా తెలుగులోనే అన్నారు. ఆ మాటల్లో ఎన్ని మన సాహిత్యంలోకి చేరాయి? చేరకపోతే, ఆ కాలపు నేరాల గురించీ శిక్షల గురించీ మనం చదువుతున్నదంతా ఎవరి నోటి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్నకు ఇప్పుడొక అవసరం వచ్చింది. 2014 తర్వాత మన దగ్గర ఊరి చరిత్రలు వెల్లువగా వస్తున్నాయి. మంచిదే. ఇంతకాలం చరిత్ర అంటే రాజధానుల చరిత్రే అయినచోట ఊళ్ళు తమను తాము రాసుకోవడం చిన్న విషయం కాదు. కాని వాటిని తిరగేస్తే కోట ఉంటుంది, గుడి ఉంటుంది, శాసనం ఉంటుంది, దొరల వంశవృక్షం ఉంటుంది. దొంగ ఉండడు. దొంగను పట్టుకున్న తలారి ఉండడు. చావడి ముందు ఎండలో నిలబెట్టిన మనిషి ఉండడు. ఊరి బతుకులో రోజూ జరిగిన పంచాయితీ, జరిమానా, దెబ్బలు, వెలి, ఇవేవీ చరిత్ర కిందికి రావని ఎవరు నిర్ణయించారు?

నిర్ణయం చాలా పాతది. తెలుగు ఊళ్ళ చరిత్రలను పెద్దఎత్తున పోగుచేయించిన కాలిన్ మెకంజీ స్కాట్లండు ఉత్తరాన లూయిస్ దీవిలో పుట్టినవాడు. 1821లో చనిపోయేదాకా, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటివారి సాయంతో ఊరూరి కైఫీయతులు రాయించాడు. సరిగ్గా ఆ తరంలోనే అతని స్వదేశంలో సర్ జాన్ సింక్లేర్ అనే ఆయన పాదిరీల చేత వాళ్ళ వాళ్ళ ఊళ్ళ వివరాలు రాయించి, 1791-99 మధ్య 21 సంపుటాలుగా వేశాడు. అందులో పంటలు, కూలి రేట్లు, బీదల లెక్కలు, సారా దుకాణాల సంగతులు ఉంటాయి. అక్కడి చర్చి పెద్దల మినిట్సులోనైతే ఏ పనిపిల్ల ఏ తప్పుకు జనం ముందు నిలబడి చీవాట్లు తిన్నదో కూడా దొరుకుతుంది. అక్కడ కలం పాదిరీది, ఇక్కడ కరణానిది. పాదిరీ కూడా సామాన్యుడి పక్షాన రాయలేదు. కాని అతని పనే సామాన్యుడి తప్పును పట్టుకోవడం కాబట్టి ఆ సామాన్యుడు కనీసం తప్పుచేసినవాడిగానైనా కాగితం మీదికి ఎక్కాడు. మన కరణానికి కావలసింది మాన్యాల హక్కు, పొలిమేర, శిస్తు. అవి ఎవరికి చెందుతాయో వాళ్ళ వంశావళి. కైఫీయతులో మనిషి కనిపించాలంటే అతని పేరు మీద భూమి ఉండాలి.

ఈ నేపథ్యంలో ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్రను మళ్ళీ చదవవలసి ఉంది. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిన ఈయన, దారిలో చూసినవన్నీ దినచర్యగా రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపాడు. ఆయన 1836లో చనిపోయాక, 1838లో ఆ రాతలు పుస్తకంగా అచ్చయ్యాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు విస్తారమైన వివరణలతో మళ్ళీ వేశారు. మన సాహిత్య చరిత్రకారులు దీనికి తొలి యాత్రాగ్రంథమని ముద్రకొట్టి అటక మీద పెట్టారు. వచన చరిత్ర రాసేవాళ్ళు మాత్రం చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చిన 1853 కంటే 15 ఏళ్ళ ముందే ఇంత తేటయిన వ్యవహార వచనం అచ్చయిందని ఉదహరిస్తారు. రెండూ నిజాలే. కాని వీరాస్వామయ్య చేసిన ఉద్యోగం ఏమిటో, ఆ ఉద్యోగం ఆయన చూపును ఎలా తయారుచేసిందో పట్టించుకున్న విమర్శ తక్కువ.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఇంటర్‌ప్రిటర్లలో పెద్ద. కోర్టు బోనులో నిలబడ్డ మనిషి తెలుగులోనో అరవంలోనో చెప్పింది ఇంగ్లీషు జడ్జి చెవికి చేర్చడం, జడ్జి అన్నది ఆ మనిషికి చేర్చడం ఆయన పని. అంటే నేరానికీ శిక్షకూ మధ్య నిలబడ్డ మనిషి. ముద్దాయి బతుకు ఆయన ఎంచుకున్న మాట మీద ఆధారపడుతుంది. "కొట్టాను" అన్నదాన్ని ఏ ఇంగ్లీషు మాటగా మార్చాలి, "తెలవక చేసిన" అన్నదాంట్లో ఎంత తెలియనితనం ఉంది, ఎంత ప్రాధేయపడటం ఉంది? ఇటువంటి నిర్ణయాలు రోజూ చేసినవాడు తెలుగులో పుస్తకం రాశాడు. అందులో కోర్టులో తాను విన్న ఆ నోళ్ళను మాత్రం రాయలేదు. తాను చూసిన ఊళ్ళను రాశాడు. ఇది కాకతాళీయం కాదు. ముద్దాయి మాట ఆయనకు వృత్తి సామగ్రి. దానికి సాహిత్య గౌరవం ఉండగలదని ఆ కాలంలో ఆ వర్గానికి చెందిన మనిషికి తోచే అవకాశం లేదు.

ఇక మన ప్రాంతానికి సంబంధించిన భాగం. హైదరాబాదు దాటి ఆయన నాగపూరు బాట పట్టాడు. మేడ్చల్, మాసాయిపేట, రామాయంపేట, భిక్కనూరు మీదుగా గోదావరి దాటి నిర్మల వైపు పోయే బాట అది. ఇప్పటి మెదక్ జిల్లాను నిలువునా చీల్చుకుని పోయే జాతీయ రహదారికి అది పూర్వరూపం. వంద మందికి పైగా పరివారం, డేరాలు, బోయీలు. మజిలీ మజిలీకీ ఊరు ఎంత దూరం, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, కావలసిన సామాను దొరుకుతుందా, దిగడానికి నీడ ఉందా అని రాసుకుంటూ పోయాడు. సాహిత్యపాఠకుడు విసుగుపడి పేజీలు తిప్పేసేది ఇక్కడే. స్థానిక చరిత్రకారుడు ఆగవలసిందీ ఇక్కడే. రెండు వందల ఏళ్ళ కిందట రామాయంపేటలో ఏం దొరికిందో, ఏది దొరకలేదో చెప్పే తెలుగు రాత మనకు ఇంకెన్ని చోట్ల ఉంది?

అదే కలం నిజాం రాజ్యపు శాంతిభద్రతల దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుంటుంది. కృష్ణ దాటినప్పటి నుంచి జమీందారులు ఒకరి ఊళ్ళను మరొకరు కొల్లగొట్టడం, అడుగడుగునా సుంకం చౌకీలు, హైదరాబాదు నగరంలో ఆయుధాలు కట్టుకుని తిరిగే జనం, అడిగే దిక్కులేని హత్యలు, ఇవన్నీ రాశాడు. ఇంగ్లీషువాళ్ళ పాలనను దైవసంకల్పంగా భావించాడు. వాళ్ళ కోర్టులో జీతం తిన్న మనిషి, వాళ్ళ రెసిడెన్సీ అండతో ప్రయాణం చేసిన మనిషి అలా భావించడంలో వింత లేదు.

ఈ పేజీలను చదవడంలో మనకు రెండు అలవాట్లున్నాయి. రెండూ చెడ్డవే. మొదటిది, ఆ వాక్యాలను యథాతథంగా ఎత్తి, ఆనాటి తెలంగాణమంతా అరాచకమనీ, చట్టమూ నాగరికతా కృష్ణకు అవతలే ఉన్నాయనీ నిరూపణగా చూపడం. రెండోది మన అభ్యుదయ శిబిరంలోని అలవాటు. కంపెనీ నౌకరు, అగ్రవర్ణ యాత్రికుడు, సామ్రాజ్యవాదానికి వంతపాడినవాడు అని నాలుగు విశేషణాలు తగిలించి పుస్తకం మూసేయడం. మొదటివాళ్ళు ఆయన మాటను సాక్ష్యంగా తీసుకుంటారు. రెండోవాళ్ళు సాక్షిని తిట్టి పంపిస్తారు. సాక్షిని అడ్డుప్రశ్నలు వేసి నిజం రాబట్టడం అనే కోర్టు పని ఇద్దరూ చెయ్యరు.

ఆ పని చేద్దాం. వీరాస్వామయ్య ఈ దారిన పోయింది 1830లో. దానికి ముందు పదేళ్ళ కథ చూడాలి. కంపెనీ తన అవసరం కోసం, తన అధికారుల కింద నిలబెట్టిన కంటింజెంటు సైన్యానికి జీతాలు నిజాం ఖజానా ఇవ్వాలి. ఖజానాలో డబ్బు లేదు. దివాన్ చందూలాల్ హైదరాబాదులోనే దుకాణం పెట్టిన విలియం పామర్ కంపెనీ దగ్గర నూటికి 24 దాకా వడ్డీకి అప్పు తెచ్చాడు. అప్పు తీర్చడానికి 1823లో ఉత్తర సర్కారుల మీద ఏటా రావలసిన ఏడు లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకుని, కంపెనీ నుంచి కోటీ 16 లక్షల చిల్లర తీసుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాదే పామర్ దుకాణం కూలింది. అప్పుల భారం మాత్రం ఎక్కడికీ పోలేదు. తాలూకాలకు తాలూకాలు గుత్తకు పోయాయి. గుత్తదారుకు వచ్చే ఏడు తాలూకా తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. ఈ ఏడే పిండుకోవాలి. పిండటానికి అరబ్బుల్నీ రోహిల్లాలనూ పెట్టుకోవాలి. షావుకారు తన బాకీ వసూలుకు వాళ్ళనే పెట్టుకుంటాడు. రెసిడెంటు మెట్‌కాఫ్ 1820 తర్వాత జిల్లాల మీద ఇంగ్లీషు అధికారులను పర్యవేక్షణకు పెట్టాడు. 1829లో నాసిరుద్దౌలా గద్దె ఎక్కగానే వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ మరుసటి ఏడు మన యాత్రికుడు ఈ బాటన నడిచాడు.

ఆయన చూసిన కత్తులు నిజం. ఆయన కట్టిన సుంకాలు నిజం. ఆయన చూడనిది ఆ కత్తులకు జీతం ఎక్కడి నుంచి వస్తున్నదో, ఆ సుంకం చివరికి ఎవరి వడ్డీలోకి పోతున్నదో. ఏ ప్రభువుల న్యాయాన్ని తాను మద్రాసులో అనువదిస్తున్నాడో ఆ ప్రభువుల సైన్యం ఖర్చే రామాయంపేట రైతు వీపు మీద చౌకీగా కూర్చుంది. ఒకే ఖాతాపుస్తకంలో ఒక పేజీ అరాచకం, ఇంకో పేజీ చట్టం. ఇదంతా ఆయనకు తెలిసి దాచాడనడానికి లేదు. దుబాసీకి రెండు భాషలు తెలుసు, రెండు లెక్కలు తెలియాలని లేదు. అయినా సుంకం దగ్గర ఆయన విసుక్కున్న ప్రతి వాక్యం మనకు పనికొస్తుంది. అరాచకమని ఆయన తీర్చిన తీర్పు కంటే అరాచకానికి ఆయన చెల్లించిన రేటు విలువైన సాక్ష్యం.

ఈ బాటల మీది నేరం గురించి ఆ దశాబ్దంలోనే ఇంకో పుస్తకం వచ్చింది. నిజాం కొలువులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫిలిప్ మెడోస్ టేలర్ ఠగ్గుల మీద నవల రాసి 1839లో అచ్చువేశాడు. కాశీయాత్రచరిత్ర అచ్చయిన మరుసటి ఏడు. దారిలో బాటసారులతో స్నేహం కలిపి, రుమాలుతో గొంతు నులిమి చంపే ఠగ్గు అమీర్ అలీ తన కథను తానే దొరకు చెప్పుకోవడం దాని శిల్పం. పైకి ముద్దాయి నోరు తెరిచినట్టే ఉంటుంది. కాని ఈ శిల్పం ఎక్కడి నుంచి వచ్చింది? ఠగ్గులను పట్టుకోవడానికి కంపెనీ అప్రూవర్లను తయారుచేసింది. తోటివాళ్ళను పట్టిస్తే ఉరి తప్పుతుంది. 1836 నాటి 30వ చట్టం ప్రకారం ఫలానా హత్య చేశాడని రుజువు కానక్కరలేదు. ఠగ్గుల ముఠాకు చెందినవాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష. అటువంటి పరిస్థితిలో అప్రూవరు చెప్పే కథ ఎలా ఉంటుంది? వినేవాడికి ఎంత భయంకరంగా కావాలో అంత భయంకరంగా ఉంటుంది. ఎక్కువ చెప్పినకొద్దీ ఎక్కువ రోజులు బతుకుతాడు. ఆ ఒప్పుకోలును నవలా శిల్పంగా మెచ్చుకున్న పాఠకులు లండనులో చాలామంది దొరికారు. ఠగ్గులు లేరని నా వాదన కాదు. బాటలో చచ్చిన బీదలకూ వర్తకులకూ ఆ ప్రశ్నే అవమానం. నేను చెప్పేది కథనం సంగతి. పాఠకుడు "నేను" అని వినిపించిన ప్రతిచోటా స్వేచ్ఛగా మాట్లాడే మనిషి ఉన్నాడనుకోకూడదు. ఆ "నేను" ఎదుట కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూడాలి.

ఒక మనిషి చేసినదానికి కాక, అతను ఫలానా గుంపువాడు కాబట్టి శిక్షించడం అనే ఆ సూత్రం ఠగ్గులతో ఆగలేదు. 1871లో నేరజాతుల చట్టంగా పెరిగింది. తర్వాత మద్రాసు రాజధానికీ పాకింది, నిజాం రాజ్యమూ అదే దారి తొక్కింది. ఎరుకలు, లంబాడాలు పుట్టుకతోనే నేరస్థులయ్యారు. లంబాడాలు ఎవరు? రైలుకు ముందు ఈ బాటల మీద ఎద్దుల మందలతో ధాన్యమూ ఉప్పూ మోసినవాళ్ళు. మజిలీలో సామాను దొరుకుతుందని వీరాస్వామయ్య రాసుకోగలిగాడంటే అటువంటి దొరకడం వెనుక ఈ ఎద్దుల నడక ఉంది. 1874లో వాడి నుంచి సికిందరాబాదుకు రైలు వచ్చింది. బండిదారులు పడ్డాయి. ఎద్దు బతుకుదెరువు పోయింది. సరుకు మోసిన మనిషి ఊరి బయట డేరా వేసుకుంటే అనుమానితుడయ్యాడు. ఎరుకల ఉప్పు బేరాన్ని ఉప్పు పన్నులూ రైలూ కలిసి ఇలాగే మింగాయి. 1952లో చట్టం పోయింది. ఊళ్ళో తాళం పగిలితే ముందు తండా వైపు చూసే చూపు పోయిందా? స్థానిక చరిత్ర రాసే మిత్రులు తండా అధ్యాయాన్ని దుస్తులు, తీజ్ పండుగ, పాటల దగ్గర ఆపేయడం చూస్తూన్నప్పుడు ఈ మాట అనిపిస్తుంది. అద్దాల రవికెలంత అందంగా లేకపోవచ్చు గాని పోలీసు హాజరు కూడా వాళ్ళ చరిత్రే.

పోతే, ఇదే బాట మీద తూప్రాన్ ఉంది. 1857 జూలై 17న రెసిడెన్సీ మీద దాడిని నడిపిన ఇద్దరిలో మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు. రెండోవాడు తుర్రెబాజ్ ఖాన్. పట్టుబడి, ద్వీపాంతర శిక్ష పడి, 1859 జనవరిలో కాపలా నుంచి తప్పించుకున్నాడు. 5,000 రూపాయల బహుమానం చాటించారు. అదే నెల 24న తూప్రాన్ దగ్గర తాలూకాదారు మీర్జా కుర్బాన్ అలీ బేగ్ మనుషుల చేతిలో చచ్చిపోయాడు. శవాన్ని హైదరాబాదుకు తెచ్చి, జనం చూసేలా వేలాడదీశారు. వీరాస్వామయ్య ఉత్తరానికి పోయిన బాటలోనే 29 ఏళ్ళ తర్వాత ఆ శవం దక్షిణానికి పోయింది. చనిపోయిన మనిషికి శిక్ష ఎందుకు? ఆ శిక్ష అతనికి కాదు, చూసేవాళ్ళకు. పందొమ్మిదో శతాబ్దపు దండనీతి అంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది. ఇందులో నిజాం తాలూకాదారూ, రెసిడెన్సీ అధికారీ ఎవరిపాటికి వాళ్ళు కాదు. అరాచకమనీ చట్టమనీ వీరాస్వామయ్య విడదీసి చూసిన రెండు రాజ్యాలు ఒకే తాడు పట్టుకున్నాయి.

కోఠీలో తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. తూప్రాన్ మీదుగా రోజూ పోయే బస్సుల్లోని వాళ్ళకు ఈ సంగతి ఎందరికి తెలుసు? తెలిసినవాళ్ళు రాసేది కూడా ఒకే తీరుగా ఉంటుంది. ఆనాటి కాగితాల్లో బద్మాష్, రోహిల్లా. ఈనాటి వ్యాసాల్లో వీరుడు, అమరుడు. అతను వీరుడే, అనుమానం లేదు. కాని విశేషణం తిరగేసినంత మాత్రాన చరిత్ర తిరగబడదు. కథారచయితకు పనికొచ్చేది ఆ రెండు విశేషణాల నడుమ ఉంది. ఆ ఆరు రోజులు అతనికి నీళ్ళిచ్చినదెవరు? ఇవ్వనిదెవరు? పాలేరు తన జన్మలో కళ్ళజూడని 5,000 రూపాయల చాటింపు ఊరి చావడిలో ఎలా వినబడింది? అడవిలో జాడ చెప్పినవాడు ఆశతో చెప్పాడా, తాలూకాదారు కొరడాకు చెప్పాడా? శవాన్ని మోయడానికి వెట్టికి ఎవరిని పట్టారు? ఇవి చరిత్ర కాగితంలో దొరికే జవాబులు కావు. సాహిత్యం చెయ్యవలసిన పని. ఒక మంచి కథ ఇక్కడ మనకు బాకీ ఉంది.

కృష్ణకు అవతల పరిస్థితి వేరు. అక్కడ జిల్లా కోర్టు, మునసబు కోర్టు, ప్లీడరు, పోలీసు స్టేషను ఆ శతాబ్దం చివరికి ఇంటింటి వ్యవహారమయ్యాయి. కాబట్టి సాహిత్య వస్తువు కూడా అయ్యాయి. వీరేశలింగం వివేకవర్ధనిలో కోర్టు లంచాలను బయటపెట్టాడు. 1880లో ఆయన రాజమండ్రిలో తన శిష్యుల చేత ఆడించిన వ్యవహారధర్మబోధినికి వస్తువు ప్లీడర్ల మాయలే. ఆధునిక తెలుగు నాటకం రంగస్థలం మీద నిలబడ్డ తొలినాళ్ళలోనే కోర్టు గురించి మాట్లాడింది, అదీ వాడుకభాషలో. దీని ప్రాధాన్యాన్ని నాటకచరిత్రకారులు ఒక తేదీగా మాత్రమే చూశారు. ముద్దాయి, సాక్షి, గుమాస్తా ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలో తప్ప కోర్టును చూపించలేమని గ్రాంథికవాదపు రోజుల్లో ఆ వస్తువే రచయితకు నేర్పింది.

గురజాడ ఆ పాఠాన్ని చివరిదాకా తీసుకుపోయాడు. 1892లో ఆడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో వచ్చిన కన్యాశుల్కాన్ని మనం ఆడపిల్లల అమ్మకం మీద నాటకంగా, వేశ్యల సమస్య మీద నాటకంగా, గిరీశం నాటకంగా చదివాం. నేర విచారణ మీద నాటకంగా చదవలేదు. ఆ నాటకం రెండో సగాన్ని నడిపేది ఒక హత్య కేసు. హతురాలు ఎవరు? పెళ్ళికూతురి వేషం వేసిన మగపిల్లవాడు. అంటే చచ్చినవాళ్ళు లేరు, అసలు ఆ మనిషే లేదు. అయినా హెడ్డు కనిస్టీబు ఉన్నాడు, సాక్ష్యాలు తయారవుతున్నాయి, వకీళ్ళ ఫీజులు నడుస్తున్నాయి, డిప్టీకలెక్టరు కచేరీ దాకా వ్యవహారం పోతుంది, లుబ్ధావధాన్లు నిజంగానే వణికిపోతున్నాడు. లేని మనిషి హత్యకు ఉన్న యంత్రాంగమంతా పనిచేస్తుంది. వలస న్యాయవ్యవస్థ మీద ఇంతకంటే పదునైన విమర్శ ఆ శతాబ్దపు భారతీయ సాహిత్యంలో ఎక్కడుందో నాకు తెలియదు. ఆ యంత్రాన్ని ఆపింది సౌజన్యారావు న్యాయశాస్త్రం కాదు, మధురవాణి నోరు. ఏ నోటికి కోర్టులో విలువ లేదో ఆ నోరు.

అయితే గురజాడ కూడా ఒక గీత దాటలేదు. ఆయన కోర్టులో ఇరుక్కున్నది అగ్రహారం. లుబ్ధావధాన్లకు పొలముంది, ఫీజు ఇచ్చుకోగలడు. ఫీజు ఇచ్చుకోలేని మాలవాడో యానాదో అదే హెడ్డు చేతిలో పడితే అది ప్రహసనంగా నడవదు. నాటకం హాస్యంగా నిలబడటానికి ఆ వర్గ పరిమితే ఒక కారణం. ఇది లోపమని అనడం లేదు, ఎల్ల అంటున్నాను.

మరి తెలంగాణలో ఒక కన్యాశుల్కం ఎందుకు రాలేదు? ప్రతిభ లేక కాదు. సాలార్‌జంగు 1853లో దివానయ్యాక జిల్లాలు, పోలీసు, అదాలతులు ఏర్పడ్డాయి. కాని కచేరీ భాష 1884 దాకా ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ. మెదక్ రైతు తెలుగులో చెప్పుకుంటాడు. పట్వారీ దాన్ని తన అవసరం మేరకు రాస్తాడు. కచేరీలో అది ఫార్సీ అవుతుంది. తీర్పు తిరిగి వచ్చేసరికి ఆ రైతుకు అర్థమయ్యేది జరిమానా అంకె ఒక్కటే. గురజాడ పాత్రలు ఇంగ్లీషు కోర్టును వెక్కిరించగలిగాయంటే ఆ కోర్టు గుమ్మం దాకా తెలుగు నడిచింది కాబట్టి. ఇక్కడ తెలుగు చావడి దగ్గరే ఆగిపోయింది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి. ఇక్కడి ఊళ్ళల్లో శిక్షవేసేది చాలావరకు కోర్టే కాదు, గడీ. పటేలు, పట్వారీ, దేశ్‌ముఖ్ అదే ఇంట్లోవాళ్ళయినప్పుడు ఫిర్యాదు ఎవరికి? వెట్టికి రానన్నవాడు నేరస్థుడు. వెట్టి చేయించడం ఏ పుస్తకంలోనూ నేరం కాదు. 1921లో ఆంధ్రజనసంఘం ఏర్పడి, మాడపాటి హనుమంతరావు వంటివారు వెట్టిని ప్రశ్నించేదాకా ఆ మాటను నేరం పక్కన పెట్టి రాసిన తెలుగు కలం అరుదు.

ఆ తర్వాతే ఈ నేలకు తన జైలు సాహిత్యం వచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం రాజ్యపు జైళ్ళలో గడిపి రాసిన జైలు లోపల కథలను మన విద్యార్థులు ప్రజల మనిషి నీడలో మరిచిపోతున్నారు. రాజకీయ ఖైదీలు జైలు గురించి రాసినప్పుడు సాధారణంగా తమ గురించి రాసుకుంటారు. తమ నిరాహారదీక్ష, తమ గోడ, తమ కిటికీలోంచి కనబడే ఆకాశం. అది సహజమే. ఆళ్వారుస్వామి పక్క బారకాసు వైపు తిరిగాడు. దొంగతనానికీ హత్యకూ వచ్చిన మామూలు ఖైదీ ఎక్కడి నుంచి వచ్చాడు, ఏ పరిస్థితి అతన్ని అక్కడికి తోసిందని అడిగాడు. జవాబు రాసుకున్నాడు. అడిగినవాడు జడ్జి కాదు, జమేదారు కాదు, ఉరి తప్పిస్తానని ఆశపెట్టిన దొర కాదు, తనలాగే సంఖ్య వేసుకున్న ఇంకో ఖైదీ. టేలర్ అమీర్ అలీకీ, ఈ కథల్లోని మనుషులకూ ఉన్న తేడా అంతా ఎదుటి కుర్చీ లేకపోవడంలో ఉంది. కథాశిల్పంలో ఆళ్వారుస్వామి టేలర్ అంత నేర్పరి కాదు. రచయిత వ్యాఖ్యానం పాత్ర కంటే ముందు నడిచే అలవాటు ఆయన వచనానికి ఉంది. ఆ నేర్పు లేకున్నా టేలర్ వినలేని మాట ఆయన విన్నాడు.

పందొమ్మిదో శతాబ్దపు ఖైదీకి అటువంటి పొరుగువాడు దొరకలేదు. అతని జాడ ఉంటే గింటే ఫార్సీ, ఉర్దూ కాగితాల్లో ఉంది. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో నిజాం కాలపు దఫ్తర్లు గుట్టలుగా ఉన్నాయి. తెలుగు ఎం.ఏ. చదివి స్థానిక చరిత్ర మీద పరిశోధనకు దిగుతున్న పిల్లలు శాసనలిపి నేర్చుకుంటున్నారు, తాళపత్రాలు చదవడం నేర్చుకుంటున్నారు. షికస్తా దస్తూరీ నేర్చుకోవాలన్న ఆలోచన మన తెలుగు శాఖల్లో లేదు. తెలంగాణ గ్రామచరిత్రకు ఉర్దూ పరాయిభాష అన్నట్టు నడుస్తున్నాం. మెదక్ పట్టణంలో ఒకప్పుడు ఉర్దూ మీడియంలో చదువుకుని, పట్వారీ కాగితం చేతికిస్తే కళ్ళద్దాలు సవరించుకుని గడగడా చదివి తెలుగులో చెప్పగలిగిన ముసలివాళ్ళు వీధికొకరు ఉండేవారు. ఇప్పుడు వెతుక్కోవలసి వస్తున్నది.